టీ దుకాణాల కంప్యూటరు

1951 నవంబరులో లండన్‌లోని హామర్‌స్మిత్ ప్రాంతంలో, క్యాడ్బీ హాల్ అనే ఆహార కర్మాగారాల ఆవరణలో, ఒక కంప్యూటరు బేకరీ లెక్కలు వేయడం మొదలుపెట్టింది. ఆ వారం ఎన్ని రొట్టెలు, ఎన్ని కేకులు తయారయ్యాయి, వాటికి సరుకుల ఖర్చెంత, కూలి ఎంత, ఏ విభాగానికి ఎంత సరుకు వెళ్లింది, దాని విలువెంత అన్నవి ఆ లెక్కలు. ఒక వ్యాపార సంస్థ ఆఫీసు పనిని కంప్యూటరు క్రమం తప్పకుండా, వారం వారం చేసిపెట్టడం ప్రపంచంలో అదే మొదలు. ఆ యంత్రం పేరు లియో. సుమారు 6,000 వాల్వులతో ఒక పెద్ద హాలంతా ఆక్రమించుకుని ఉండేది.

దాన్ని తయారుచేసింది టీ, కేకులు అమ్మే జె. లయన్స్ అండ్ కంపెనీ. ఎలక్ట్రానిక్స్‌లో ఆ కంపెనీకి అంతకుముందు ఏ అనుభవమూ లేదు. అమెరికాలో పెద్ద పెద్ద కంపెనీలు కూడా ఇంకా ఆలోచనల్లోనే ఉన్న కాలంలో ఒక టీ దుకాణాల సంస్థ ఆ సాహసం చేసింది, చేసి ఫలితం రాబట్టింది. ఒక సంస్థ కంప్యూటర్ల మీద పెట్టిన డబ్బు ఆ సంస్థ వ్యాపారానికి ఎప్పుడు అక్కరకొస్తుంది, ఎప్పుడు వృథా అవుతుంది? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి లియో కథకన్నా మంచి మొదలు లేదు.

ముందు ప్రశ్న, ఆ తర్వాతే యంత్రం

లయన్స్‌కు దాదాపు 200 టీ దుకాణాలుండేవి. వాటికి తోడు పెద్ద రెస్టారెంట్లు, బేకరీలు, ఐస్‌క్రీం, టీ పొడి వ్యాపారం. రోజూ లక్షల్లో చిన్న చిన్న అమ్మకాలు. ఒక కప్పు టీ మీద మిగిలేది పెన్నీలో ఏ చిన్న భాగమో. అలాంటి వ్యాపారంలో బిల్లు రాయడానికీ లెక్క చూడడానికీ అయ్యే ఖర్చు కాస్త పెరిగిందంటే లాభం కాస్తా ఆవిరైపోతుంది. అందుకే ఆ కంపెనీలో ఆఫీసు పనిని కర్మాగారం పనిలాగే శ్రద్ధగా పరిశీలించేవారు. కేంబ్రిడ్జిలో గణితం చదివి 1923లో ఉద్యోగంలో చేరిన జాన్ సిమన్స్ ఇందుకు నాయకుడు. ఆఫీసు పద్ధతులను పరిశోధించడానికే ఒక ప్రత్యేక విభాగం కంప్యూటర్లు పుట్టకముందే లయన్స్‌లో ఉండేది. ఏ కాగితం ఎక్కడ పుడుతుంది, ఎన్ని చేతులు మారుతుంది, చివరికి దాన్ని చూసి ఎవరు ఏ నిర్ణయం తీసుకుంటారు అని ఆ విభాగం ఆరా తీసేది. ఎవరికీ పనికిరాని కాగితాన్ని నిలిపివేసేది.

1947లో లయన్స్ తన మేనేజర్లలో ఇద్దరిని, ఆలివర్ స్టాండింగ్‌ఫోర్డ్‌నూ రేమండ్ థామ్సన్‌నూ, అక్కడి ఆఫీసు పద్ధతులు చూసిరమ్మని అమెరికా పంపింది. ప్రిన్స్‌టన్‌లో వాళ్లు గణిత శాస్త్రవేత్త హెర్మన్ గోల్డ్‌స్టైన్‌ను కలిశారు. మీ ఊరి దగ్గరే, కేంబ్రిడ్జిలోనే, ఒక ఎలక్ట్రానిక్ కంప్యూటరు కడుతున్నారని ఆయన చెప్పారు. అలా వాళ్లకు మారిస్ విల్క్స్ సంగతి తెలిసింది. విల్క్స్ బృందం కడుతున్న ఎడ్‌శాక్ కంప్యూటరుకు లయన్స్ 3,000 పౌండ్లిచ్చింది, ఒక మనిషిని సాయంగా పంపింది. 1949 మే 6న ఎడ్‌శాక్ పనిచేసింది. ఇక లయన్స్ ఆగలేదు. జాన్ పింకర్టన్ అనే ఇంజనీరు సారథ్యంలో, అదే నమూనాలో తన సొంత యంత్రం కట్టుకుంది.

లయన్స్ మొదట యంత్రం కొని తర్వాత దానికి పని వెతకలేదు. ఏ పనిలో ఎంత శ్రమ పోతోందో, ఏ సమాచారం ఆలస్యంగా రావడం వల్ల ఎంత నష్టపోతున్నామో అప్పటికే లెక్కగట్టుకుని ఉంది. వాళ్లు వెతుకుతున్నది ఆ ప్రశ్నలకు జవాబు. కంప్యూటరు ఆ జవాబులో ఒక భాగం మాత్రమే.

ఎవరి చేతికి అప్పగించారన్నది కూడా గమనించాలి. ఏ పని లియో మీదికి ఎక్కించాలి, ఎలా ఎక్కించాలి అన్నది చూసింది డేవిడ్ కెమినర్. ఆయన ఇంజనీరు కాదు, ఆ ఆఫీసు పద్ధతుల విభాగం నుంచే వచ్చిన మనిషి. ప్రోగ్రాములు రాయడానికి కూడా ముందు కంపెనీ ఉద్యోగుల్లోనే తగినవారిని వెతికారు. మేరీ కూంబ్స్ లయన్స్ ఆఫీసులో పనిచేస్తూ, కంపెనీ పెట్టిన కోర్సులో నెగ్గి, 1952లో లియో ప్రోగ్రామరయ్యారు. బేకరీ వ్యవహారం తెలిసినవారే బేకరీ ప్రోగ్రాము రాశారన్నమాట. ఈ రోజు పెద్ద సంస్థల్లో వ్యాపార విభాగానికీ ఐటీ విభాగానికీ మధ్య కనిపించే గోడ అక్కడ లేదు.

మధ్యాహ్నం మోగే ఫోను

టీ దుకాణాల ఆర్డర్ల పని 1954లో లియో మీదికి ఎక్కింది. దాన్ని కాస్త దగ్గరగా చూద్దాం.

అంతకుముందు ప్రతి దుకాణం మేనేజరూ మరుసటి రోజుకు ఏమేం కావాలో పెద్ద ఫారాల మీద వస్తువు వస్తువుగా రాసి పంపేది. బన్నులు ఇన్ని, పైలు ఇన్ని, ఐస్‌క్రీం ఇంత. క్యాడ్బీ హాల్‌లో గుమాస్తాలు 200 దుకాణాల ఫారాలు కూడి, బేకరీకి ఎంత చేయాలో చెప్పాలి, వ్యానుల్లో ఏది ఎక్కించాలో చెప్పాలి, బిల్లు రాయాలి. ఒకే అంకెను పలుచోట్ల తిరగరాసేవారు.

ఈ పనినే ఉన్నదున్నట్టు కంప్యూటరుకు ఇచ్చి ఉంటే గుమాస్తాల సంఖ్య తగ్గేదేమో గానీ వ్యాపారం మారేది కాదు. లయన్స్ పద్ధతినే మార్చింది. సోమవారాలు ఒకదానికొకటి చాలావరకు పోలి ఉంటాయి, శనివారాలూ అంతే. కాబట్టి వారంలో ప్రతి రోజుకూ ప్రతి దుకాణానికీ ఒక మామూలు ఆర్డరు స్థిరంగా పెట్టేశారు. అది పంచ్ కార్డుల్లో ఉంటుంది. ఇక మేనేజరు చెప్పవలసింది తేడా మాత్రమే. నిర్ణీత సమయానికి క్యాడ్బీ హాల్ నుంచి ఫోను మోగుతుంది. రేపు వాన పడేలా ఉంది కాబట్టి ఐస్‌క్రీం తగ్గించండి, పక్క హాల్లో సభ ఉంది కాబట్టి బన్నులు పెంచండి అని ఆమె చెబుతుంటే, అవతల ఆపరేటరు చెవికి హెడ్‌ఫోను పెట్టుకుని, వింటూనే కార్డు మీద పంచ్ చేస్తుంది. మధ్యలో కాగితం లేదు. ఆ కార్డులు లియోలోకి వెళ్తాయి. బేకరీకి ఉత్పత్తి మొత్తం, ప్యాకింగు చీటీలు, అమ్మకాల విశ్లేషణ, అన్నీ ఒక్క దెబ్బకు బయటికి వస్తాయి.

ఇందులో ఎవరికి ఏం కలిసొచ్చింది? మేనేజరుకు ఫారాల బెడద తప్పింది. నిర్ణయం ఆలస్యంగా, అంటే రేపటి గిరాకీ బాగా తెలిశాక, తీసుకునే వీలు చిక్కింది. మిగిలి పాడైపోయే కేకులు తగ్గడానికి దారి దొరికింది. ఏ దుకాణంలో ఏది అసాధారణంగా పెరిగిందో, తగ్గిందో పై అధికారులకు వెంటనే తెలిసింది. ఈ ఫలితాల్లో యంత్రం వేగం పాత్ర కొంతే. మేనేజరును ఏమడగాలి, ఏమడగక్కర్లేదు అన్న ఆలోచనదే పెద్ద పాత్ర.

జీతాల లెక్కలో ఇంకో పాఠముంది. ఒక ఉద్యోగి వారం జీతం లెక్కగట్టడానికి అనుభవమున్న గుమాస్తాకు 8 నిమిషాలు పట్టేది. లియోకు పట్టింది ఒకటిన్నర సెకను. అయినా కంపెనీ తొందరపడలేదు. బేకరీ లెక్క ఒక రోజు ఆలస్యమైతే సర్దుకోవచ్చు, శుక్రవారం జీతం అందకపోతే ఒక కుటుంబం ఇబ్బంది పడుతుంది. యంత్రం మీద పూర్తి భరోసా కుదిరేదాకా పాత పద్ధతినీ కొత్తదాన్నీ పక్కపక్కనే నడిపి, రెంటి లెక్కలూ సరిపోల్చుకుని, 1954లో గానీ జీతాలను పూర్తిగా లియోకు అప్పగించలేదు. ఏ పని తప్పితే ఎవరికి ఎంత నష్టమో తెలిసినవారు తీసుకునే జాగ్రత్త అది.

డైనమో నేర్పిన పాఠం

లయన్స్ చూపిన తెలివి అందరికీ అబ్బలేదు. 1970లు, 80లలో అమెరికన్ కంపెనీలు కంప్యూటర్ల మీద విపరీతంగా ఖర్చుపెట్టాయి. కానీ ఉత్పాదకత, అంటే ఒక్కో గంట శ్రమకు వచ్చే ఫలితం, ఆశించినట్టు పెరగలేదు. ఆర్థికశాస్త్రంలో నోబెల్ పొందిన రాబర్ట్ సోలో 1987లో ఈ వింతను ఎత్తిచూపారు. కంప్యూటర్ యుగం ఎక్కడ చూసినా కనబడుతోంది, ఉత్పాదకత గణాంకాల్లో తప్ప అన్నది ఆయన మాటల సారాంశం.

దీనికి ఎంతో ఆలోచింపజేసే వివరణ 1990లో ఆర్థిక చరిత్రకారుడు పాల్ డేవిడ్ ఇచ్చారు. ఆయన కరెంటు చరిత్ర తిరగేశారు. ఎడిసన్ న్యూయార్కులోని పెర్ల్ స్ట్రీట్‌లో విద్యుత్ కేంద్రం ప్రారంభించింది 1882లో. 1899 నాటికి కూడా అమెరికా కర్మాగారాల్లో యంత్రాలను తిప్పే శక్తిలో విద్యుత్ మోటార్లది 5 శాతం కూడా లేదు. ఉత్పాదకతలో పెద్ద పెరుగుదల 1920లలో గానీ రాలేదు. నలభై ఏళ్లు!

ఎందుకంత కాలం? ఆవిరి యంత్రంతో నడిచే కర్మాగారంలో ఒకే పెద్ద ఇంజను ఉండేది. దాని నుంచి పైకప్పు పొడవునా ఇనుప షాఫ్టు, దాని నుంచి ప్రతి యంత్రానికీ ఒక బెల్టు. శక్తి వృథా కాకుండా ఉండాలంటే యంత్రాలన్నీ షాఫ్టుకు దగ్గరగా ఉండాలి. అందుకే కర్మాగారాలు అంతస్తుల మీద అంతస్తులుగా, ఇరుగ్గా కట్టేవారు. కరెంటు వచ్చాక చాలామంది యజమానులు ఆవిరి ఇంజను తీసేసి, అదే చోట ఒక పెద్ద మోటారు పెట్టారు. షాఫ్టులూ బెల్టులూ అలాగే ఉండిపోయాయి. లాభం అంతంతమాత్రమే. అసలు లాభం వచ్చింది ప్రతి యంత్రానికీ దాని సొంత చిన్న మోటారు బిగించినప్పుడు. అప్పుడు యంత్రాలను షాఫ్టు ఉన్నచోట కాక, పని సాగే వరుసలో అమర్చుకోవచ్చు. విశాలమైన ఒకే అంతస్తు కర్మాగారాలు వచ్చాయి. ఒక షాఫ్టు చెడితే విభాగమంతా ఆగిపోయే బాధ తప్పింది.

కంప్యూటర్ల విషయంలోనూ జరిగిందదే. పాత ఫారాన్ని తెరమీదికి ఎక్కించిన సంస్థా, ఆవిరి ఇంజను చోట మోటారు పెట్టిన యజమానీ ఒకే తప్పు చేశారు. ఎరిక్ బ్రిన్యోల్ఫ్‌సన్, లోరిన్ హిట్ అనే పరిశోధకులు ఆ తర్వాత వందలాది పెద్ద అమెరికన్ కంపెనీల లెక్కలు పరిశీలించి దీన్నే అంకెల్లో చూపారు. కంప్యూటర్లతోపాటు పని పద్ధతులు మార్చి, ఉద్యోగులకు శిక్షణనిచ్చి, కింది స్థాయికి నిర్ణయాధికారం ఇచ్చిన సంస్థలే బాగా లాభపడ్డాయి. కంప్యూటర్లలో ఉన్న ఒక్కో డాలరుకు మార్కెట్టు ఆ కంపెనీలకు సుమారు 10 డాలర్ల విలువ కట్టడం కూడా వాళ్లు గమనించారు. యంత్రానికి అంత విలువుండదు గదా. ఆ అదనపు విలువ యంత్రం చుట్టూ అల్లుకున్న పద్ధతులది, నేర్పుది.

ఐదుగురు, ఐదువందలమంది

పాత పద్ధతికి కంప్యూటరు తగిలించడానికీ, పద్ధతినే మార్చడానికీ ఉన్న తేడా ఫోర్డు కంపెనీ అనుభవంలో కళ్లకు కడుతుంది. 1990లో మైకేల్ హామర్ రాసిన వ్యాసంతో ఇది లోకానికి తెలిసింది.

1980ల ఆరంభంలో ఉత్తర అమెరికాలో ఫోర్డుకు సరుకు అమ్మినవారికి చెల్లింపులు చేసే విభాగంలో 500 మందికి పైగా పనిచేసేవారు. కంప్యూటర్లు పెడితే 20 శాతం తగ్గించవచ్చని, 400 మంది చాలని యాజమాన్యం అనుకుంది. అంతలో, తమకు వాటా ఉన్న జపాన్ కంపెనీ మాజ్డాలో అదే పని ఐదుగురు చేస్తున్నారని తెలిసింది. మాజ్డా చిన్న కంపెనీ అనుకున్నా, ఆ తేడా పొంతన లేనిది.

ఫోర్డులో ఏం జరిగేదంటే, కొనుగోళ్ల విభాగం ఇచ్చిన ఆర్డరు కాపీ, సరుకు దించుకున్నవారు పంపిన రసీదు, అమ్మినవారు పంపిన ఇన్వాయిసు, ఈ మూడూ సరిపోతేనే డబ్బు కట్టేవారు. సరిచూడవలసిన వివరాలు 14. ఎక్కడో ఒకచోట తేడా వచ్చేది. ఆ తేడా ఎందుకొచ్చిందో ఆరా తీయడానికే గుమాస్తాల సమయం ఎక్కువగా పోయేది.

ఫోర్డు చివరికి ఇన్వాయిసునే తీసేసింది. ఆర్డరు ఇచ్చేటప్పుడే దాన్ని డేటాబేసులో ఎక్కిస్తారు. లారీ గేటు దగ్గరికి రాగానే సరుకు దించుకునే ఉద్యోగి తెరమీద చూస్తాడు. ఆర్డరుతో సరిపోతే తీసుకుంటాడు, చెల్లింపు దానంతటదే జరుగుతుంది. సరిపోకపోతే లారీని అక్కడి నుంచే వెనక్కి పంపేస్తాడు. సరిచూడవలసిన వివరాలు 14 నుంచి 3కు దిగాయి. విభాగంలో సిబ్బంది 75 శాతం తగ్గారు. కంప్యూటరు రెండు పథకాల్లోనూ ఉంది. మొదటి పథకం గుమాస్తా చేతిని వేగిరం చేసేది, రెండోది తేడాలు పుట్టే చోటే వాటిని ఆపింది.

ఏ కౌంటరులోనైనా, ఏ బండికైనా

మనకు బాగా తెలిసిన ఉదాహరణ రైలు రిజర్వేషను. 1985కు ముందు రిజర్వేషన్ ఆఫీసులో ఒక్కో బండికి ఒక్కో రిజిస్టరు. ఆ రిజిస్టరు ఏ కౌంటరులో ఉంటే అక్కడే వరుసలో నిలబడాలి. ఆ బండిలో బెర్తులు లేవంటే, ఇంకో బండి కోసం ఇంకో వరుస మొదటినుంచి. తిరుగు ప్రయాణం టికెట్టు కావాలంటే అవతలి ఊరికి టెలిగ్రాం వెళ్లాలి.

1985 నవంబరులో ఢిల్లీలో కంప్యూటరు రిజర్వేషను మొదలైనప్పుడు, రిజిస్టరులో రాసేదాన్ని తెరమీద రాయడంతో సరిపెట్టలేదు. ఏ కౌంటరు నుంచైనా ఏ బండికైనా టికెట్టు ఇవ్వాలన్నది లక్ష్యం. ప్రయాణికుడికి అర్థమయ్యే లక్ష్యం అది. నెరవేరిందో లేదో వరుసలో నిలబడ్డ ఎవరైనా చెప్పగలరు. కానీ ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాలు దేనికవే విడిగా ఉన్నంతకాలం తిరుగు టికెట్టు ఇబ్బంది పోలేదు. రైల్వే సమాచార వ్యవస్థల సంస్థ క్రిస్ తయారుచేసిన కాన్సర్ట్ సాఫ్ట్‌వేరును మొదట 1994లో సికింద్రాబాద్‌లో పెట్టారు. 1999 కల్లా ఐదు కేంద్రాలూ కలిసిపోయాయి. అప్పటినుంచి విజయవాడలో కూర్చుని ఢిల్లీ నుంచి బయల్దేరే బండిలో బెర్తు తీసుకోవడం మామూలు విషయమైంది. 2002లో ఇంటర్నెట్ టికెట్లు రావడానికి దారి వేసింది ఈ కలయికే. ప్రతి మెట్టులోనూ ప్రయాణికుడికి ఒక కష్టం తీరింది. వ్యాపార ఫలితం అనే మాటకు ఇంతకన్నా తేలికైన అర్థం చెప్పలేం.

సరుకుంది, పంపలేరు

బెడిసికొట్టిన కథ కూడా ఒకటి చూడాలి. అమెరికా చాక్లెట్ కంపెనీ హెర్షీ 11.2 కోట్ల డాలర్లు పెట్టి, ఆర్డర్లు, గిడ్డంగులు, రవాణా అన్నీ కలిపి నడిపే కొత్త వ్యవస్థ తెచ్చుకుంది. 48 నెలలు పట్టే పనిని 30 నెలల్లో ముగించాలనుకుంది. మూడు వేర్వేరు సాఫ్ట్‌వేర్లను ఒకేసారి, 1999 జులైలో ప్రారంభించింది. అమెరికాలో చాక్లెట్లు విరివిగా అమ్ముడుపోయేది అక్టోబరు చివర వచ్చే హాలోవీన్ పండుగకు. దానికి దుకాణాల ఆర్డర్లు వచ్చేది సరిగ్గా ఆ జులై నుంచే.

చాక్లెట్లు తయారై ఉన్నాయి. ఆర్డర్లూ ఉన్నాయి. కానీ ఏ సరుకు ఎక్కడుందో కొత్త వ్యవస్థకు తెలియక, సుమారు 10 కోట్ల డాలర్ల ఆర్డర్లు పంపలేకపోయారు. ఆ మూడు నెలల లాభం 19 శాతం పడిపోయింది. సాఫ్ట్‌వేరు చెడ్డదై ఇదంతా జరగలేదు. అవే ఉత్పత్తులు ఇతర కంపెనీల్లో చక్కగా నడిచాయి. వ్యాపారానికి ఏ నెల ఊపిరాడని నెలో ప్రాజెక్టు క్యాలెండరులో లేకపోవడమే అసలు తప్పు. పండగ ముందు కొట్టు సర్దవద్దని మన ఊళ్లో కిరాణా వ్యాపారికి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఏది కొలవాలి?

ఐటీ విభాగం తన పనితీరును ఎలా కొలుచుకుంటుందో చూస్తే సంస్థలో వ్యాపారానికీ ఐటీకీ పొత్తు కుదిరిందో లేదో తెలిసిపోతుంది. సర్వర్లు 99.9 శాతం సమయం పనిచేశాయని నివేదిక వస్తుంది. వినడానికి బాగుంటుంది. లెక్క చేద్దాం. ఏడాదికి 8,760 గంటలు. అందులో వెయ్యో వంతు అంటే 8 గంటల 45 నిమిషాలకు పైగా సర్వర్లు ఆగిపోవచ్చు. ఆ ఆగడం ఏ అర్ధరాత్రో అయితే ఎవరికీ తెలియదు. తత్కాల్ టికెట్లు తెరిచే పొద్దున పది, పదకొండు గంటల వేళ రోజూ దాదాపు ఒకటిన్నర నిమిషం ఆగినా, ఏడాది మొత్తం మీద నివేదికలో కనిపించేది అదే 99.9 శాతం. కొలత రెండుచోట్లా ఒకటే, ప్రయాణికుడి అనుభవం మాత్రం పూర్తిగా వేరు.

అందుకే కొలత అవతలి ఒడ్డు నుంచి మొదలవ్వాలి. ఆసుపత్రిలో అయితే రోగికి పరీక్ష ఫలితం అందడానికి ఎన్ని గంటలు పట్టింది. బ్యాంకులో అయితే రుణం అడిగిన రైతుకు ఎన్నో రోజున జవాబొచ్చింది. కర్మాగారంలో అయితే చెప్పిన తేదీకి వెళ్లిన సరుకు ఎంత. ఈ అంకె ప్రాజెక్టుకు ముందు ఎంతుందో రాసిపెట్టుకోకపోతే, తర్వాత మార్పు వచ్చిందో లేదో తేల్చడం ఎవరి వల్లా కాదు. లయన్స్‌కు గుమాస్తా తీసుకునే 8 నిమిషాలు ముందే తెలుసు కాబట్టే ఒకటిన్నర సెకనుకు అర్థం వచ్చింది.

జవాబుదారీ ఎవరు?

1993లో జాన్ హెండర్సన్, ఎన్. వెంకటరామన్ ఐబీఎం పత్రికలో రాసిన వ్యాసం ఈ రంగంలో ఇప్పటికీ ఆధారగ్రంథం లాంటిది. వ్యాపార వ్యూహం, ఐటీ వ్యూహం, సంస్థ నిర్మాణం, ఐటీ నిర్మాణం అనే నాలుగూ ఒకదానికొకటి పొసగాలని, ఒకటి కదిలితే మిగతావాటినీ మళ్లీ సర్దుకోవాలని వాళ్లు చెప్పారు. అంటే పొత్తు ఒకసారి కుదుర్చుకుని మరిచిపోయేది కాదు. లయన్స్ చరిత్రే దీనికి సాక్ష్యం. 1954లో లియో కంప్యూటర్స్ అనే కంపెనీగా విడిగా ఏర్పడి ఇతరులకు యంత్రాలమ్మిన ఆ విభాగం, 1963లో ఇంగ్లిష్ ఎలక్ట్రిక్ కంప్యూటర్ విభాగంతో కలిసిపోయింది. మాతృసంస్థ 1970లలో విదేశీ అప్పుల్లో కూరుకుపోయి 1978లో అలైడ్ బ్రూవరీస్ చేతికి వెళ్లింది. కేకుల లెక్క ఎంత బాగా తేలినా, అప్పులు చేసి కంపెనీలు కొనే నిర్ణయాన్ని కంప్యూటరు సరిదిద్దలేదు. మంచి ఐటీ మంచి వ్యాపార నిర్ణయాలకు బలమిస్తుంది, చెడ్డ నిర్ణయాలకు విరుగుడు కాలేదు.

కాబట్టి ఏ సంస్థలోనైనా కొత్త సాఫ్ట్‌వేరుకు సంతకం పెట్టేముందు నాలుగు ప్రశ్నలకు కాగితం మీద జవాబులుండాలి. ఇది వచ్చాక ఎవరి పని, ఏ విధంగా మారుతుంది? ఇప్పుడు చేస్తున్న పనుల్లో ఏది పూర్తిగా ఆగిపోతుంది? ఏ అంకె మారితే నెగ్గినట్టు, ఆ అంకె ఈ రోజు ఎంతుంది? ఆ అంకెకు పూచీ ఎవరిది?

నాలుగో ప్రశ్న దగ్గరే చాలా సంస్థలు జారిపోతాయి. పూచీ ఐటీ అధిపతిదని రాసేస్తారు. సాఫ్ట్‌వేరు సమయానికి, చెప్పిన ఖర్చులో, లోపాల్లేకుండా నడిచేలా చూడడం ఆయన బాధ్యత. కానీ దుకాణాల్లో ఆర్డరు పద్ధతి మార్చగలిగేది దుకాణాల అధిపతే. ఇన్వాయిసు లేకుండా చెల్లించమని చెప్పగలిగేది ఆర్థిక విభాగమే. పద్ధతి మార్చే అధికారం ఎవరి చేతిలో ఉందో ఫలితానికి జవాబు చెప్పవలసిందీ వారే. ఆ పేరు రాయడానికి సంస్థ జంకుతోందంటే, ఆ ప్రాజెక్టు ఇంకా మొదలుపెట్టే స్థితిలో లేదు. ఆగి, ఆ పేరు తేలాకే డబ్బు తీయడం మంచిది.